బండి సందేహాలు: మర కలవని చోట టేప్ ఏం చేస్తుంది?

ప్రశ్న: సార్, మేముండేది బెంగళూరు రామమూర్తి నగర్‌లో. మా నాన్నగారి పాత పెట్రోల్ అంబాసిడర్‌ని హిందూపురం నుంచి తెచ్చుకుని బాగు చేయించుకుంటున్నాను. పాత పెట్రోల్ పంప్ పనిచేయట్లేదని ఆన్‌లైన్‌లో చిన్న ఎలక్ట్రిక్ పంప్ తెప్పించా, దాని మీద 1/8 ఎన్‌పీటీ అని ఉంది. ఎస్పీ రోడ్డులో 1/8 నిపుల్స్ (పైపుని పంప్‌కి కలిపే చిన్న ముక్కలు) కావాలంటే ఇత్తడివి ఇచ్చారు. మెకానిక్ టెఫ్లాన్ టేప్ చుట్టి బిగించాడు, రెండ్రోజులకే చెమ్మ, మళ్లీ ఇంకొంచెం టేప్ చుట్టాడు, అయినా కార్లో పెట్రోల్ వాసన పోలేదు. ఇంకాస్త బిగిస్తే చాలంటున్నాడు. బిగించమనమంటారా?

జవాబు: వద్దమ్మా, ఇక ఒక్క చుట్టు కూడా బిగించనివ్వొద్దు. లీక్ పోయేదాకా బండి స్టార్ట్ చేయకండి, బ్యాటరీ నెగటివ్ వైర్ తీసి పక్కన పెట్టండి. పెట్రోల్ చెమ్మని "కొంచెమే కదా" అని వదిలేయడం నాకు అస్సలు నచ్చదు, ఇంజిన్ వేడికి ఆ కొంచెమే ఆవిరై బానెట్ కింద నిండిపోతుంది, తర్వాత ఒక్క స్పార్క్ చాలు.

మీ బండిలో తప్పు బిగింపులో లేదు, మరలో, అంటే థ్రెడ్‌లో ఉంది అనుకుంటున్నా. 1/8 అని మాత్రమే అడిగితే మన దగ్గర గాలి లైన్లు, నీళ్ల లైన్లు అమ్మే షాపుల్లో ఎక్కువగా చేతికొచ్చేది బీఎస్‌పీ, అంటే బ్రిటిష్ పైపు మర. మీ పంప్‌ది ఎన్‌పీటీ, అంటే అమెరికా పైపు మర. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ బీఎస్‌పీలో అంగుళానికి 28 చుట్లు, పళ్ల కోణం 55 డిగ్రీలు, ఎన్‌పీటీలో 27 చుట్లు, కోణం 60. ఒక్క చుట్టే కదా తేడా అనిపిస్తుంది, అందుకే మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత పట్టేస్తుంది లేదా వదులుగా ఊగుతుంది, అప్పుడు స్పానర్‌తో బలం పెడితే పళ్లు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి, ఆ సందులోంచే పెట్రోల్ కారుతుంది. ఇంకో విషయం, 1/8 అంగుళం అన్నది మర బయటి కొలత కాదు, బీఎస్‌పీ మీద వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలిస్తే 9.7 మిల్లీమీటర్లు చూపిస్తుంది, ఎన్‌పీటీ 10 దాటుతుంది. దీనికి తోడు ఎమ్10, అంటే 10 మిల్లీమీటర్ల మర ఒకటుంది, పంటికీ పంటికీ మధ్య దూరం (పిచ్) 1 మిల్లీమీటర్, అది బ్రేక్ లైన్లలో బాగా కనిపిస్తుంది, మూడూ ఒకే డబ్బాలో పడేస్తే కంటితో ఎవరూ చెప్పలేరు. కాబట్టి షాపుకి వెళ్లేటప్పుడు పంప్‌ని చేతిలో పట్టుకెళ్లండి, వాళ్ల దగ్గర థ్రెడ్ గేజ్ (మర కొలిచే పళ్ల పట్టీ) ఉంటే పెట్టి చూడమనండి, ఇబ్బంది పడక్కర్లేదు.

ఎన్‌పీటీ మర కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది, అది బిగిసే కొద్దీ పళ్లు ఒకదానికొకటి నొక్కుకుంటాయి, మిగిలిన సన్నటి సందుని సీలెంట్ పూడుస్తుంది. సరైన నిపుల్ అయితే టేప్ లేకుండా చేత్తోనే మూడు నాలుగు చుట్లు ఎక్కాలి, ఆ తర్వాత స్పానర్‌తో ఒకటిన్నర, రెండు చుట్లు చాలు. పంప్ బాడీ పోతపోసిన మెత్తటి లోహం, ఎక్కువ బిగిస్తే పగులుతుంది, అందుకే ఒక స్పానర్‌తో బాడీని పట్టి ఇంకో దానితో నిపుల్ తిప్పమనండి.

టెఫ్లాన్ టేప్ పెట్రోల్‌కి కరగదు, నిజమే, కానీ దాని ముక్కలు తెగి లోపలికి పోతాయి. హోసూరు రోడ్డు మీద ఆగిపోయిన ఒక బండి కార్బ్యురేటర్ జెట్‌లోంచి (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం) తెల్లటి టేప్‌ని దారపు పోగులా బయటకి లాగింది నేనే, అప్పట్నుంచి ఇంధనం లైన్లో టేప్ వాడనివ్వను. పెట్రోల్‌కి ఆగే థ్రెడ్ సీలెంట్ పేస్ట్ దొరుకుతుంది, మొదటి ఒకటి రెండు పళ్లు వదిలేసి పల్చగా రాయాలి. మీ పంప్ మర ఇప్పటికే పాడయ్యుంటే లేత్ షాపులో 1/8 ఎన్‌పీటీ ట్యాప్ (లోపలి మర కోసే పనిముట్టు) పెట్టి శుభ్రం చేయించండి, వెంట్రుక వాసి పగులు కనిపించినా కొత్త పంప్ కొనండి. తర్వాత జాయింటు చుట్టూ టిష్యూ పేపర్ చుట్టి ఇంజిన్ కాసేపు నడపండి, తడి ఉంటే దాని మీద తెలిసిపోతుంది.

అలాగే పంప్‌ని ట్యాంక్‌కి దగ్గరగా, కింద పెట్టించండి, అది పీల్చడం కన్నా తోయడం బాగా చేస్తుంది. పాత కార్బ్యురేటర్‌కి 3 పీఎస్‌ఐ దరిదాపుల్లో ఒత్తిడి చాలు, ఎక్కువైతే కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ సూది ఆపలేక పెట్రోల్ పొంగుతుంది. ఇంకా యాక్సిడెంట్ జరిగి ఇంజిన్ ఆగినా ఎలక్ట్రిక్ పంప్ తోస్తూనే ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ పడితే పంప్ ఆగిపోయే స్విచ్ తప్పకుండా పెట్టించండి, నాన్నగారి బండి కదా.

ప్రశ్న: నాది పాత డీజిల్ జీప్, కోలార్ వైపు తిరుగుతుంటాను. పొద్దున్నే చాలాసేపు క్రాంక్ చేస్తేగానీ స్టార్ట్ కాదు. ఎక్కడా డీజిల్ కారట్లేదు. ఫిల్టర్ మార్చాక మొదలైంది.

జవాబు: కారకపోవడమే మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తోంది. ట్యాంక్ నుంచి ఫీడ్ పంప్ (ట్యాంక్‌లోంచి డీజిల్‌ని లాగే పంప్) దాకా లైన్ పీల్చే వైపు, అక్కడ సందుంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఆ వైపు లైన్లో ఒక జానెడు పారదర్శకమైన ట్యూబ్ పెట్టి చూడండి, బుడగలు కనబడితే అదే. పైపు చివరి రింగు (ఐలెట్) గుండా పోయి దాన్ని బిగించే బోలు బోల్ట్‌ని బ్యాంజో బోల్ట్ అంటారు, దానికి తలకింద ఒకటి, ఐలెట్ కింద ఒకటి, రెండు రాగి వాషర్లు ఉండాలి, ఫిల్టర్ మార్చినప్పుడు పాతవే వేసుంటారు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, మళ్లీ అమరదు. కొత్తవి జేసీ రోడ్డులో దొరుకుతాయి.

ప్రశ్న: పెట్రోల్ లైన్‌కి ఏఎన్ ఫిట్టింగ్ (విమానాల్లో, రేసు బండ్లలో వాడే తరహా పైపు జాయింటు) మా దగ్గర లేదని ఏసీ షాపులో ఇత్తడి ఫ్లేర్ నట్ తెచ్చాను, మర సరిగ్గా ఎక్కింది, కానీ పెట్రోల్ చెమరుస్తోంది. ఏం చేయాలన్నా?

జవాబు: తమ్ముడూ, 1/4 అంగుళం ట్యూబ్‌లో రెండింటికీ 7/16, 20 చుట్ల మరే, అందుకే మోసపోయావు. ఫ్లేర్ అంటే గరాటులా విప్పిన ట్యూబ్ చివర, ఏసీ వాళ్ల ఫ్లేర్ కోణం 45 డిగ్రీలు, ఏఎన్‌ది 37. మర కలిసినా లోపల లోహం ఒక గీత మీదే ఆనుతుంది, పూర్తిగా కూర్చోదు. ఫ్లేర్ జాయింట్‌లో సీల్ చేసేది మర కాదు, ఆ వాలు ముఖం, దానికి పేస్టూ టేపూ రెండూ అక్కర్లేదు. ట్యూబ్ చివర తెంపి 37 డిగ్రీల టూల్‌తో మళ్లీ ఫ్లేర్ చేయించు, స్లీవ్, నట్ కూడా ఏఎన్‌వే వేయి.