ముందు ఆ పత్తి చేను తీసెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి నాలుగు ప్రకరణాలూ చదివాను. 1738 నాటి అమెరికాలోని దక్షిణ కరోలినాలో బానిసల బతుకు రాయాలన్న నీ సాహసం నాకు నచ్చింది. అయితే మొదటి పేజీలోనే కనుచూపు మేర విరగకాసిన పత్తి చేను కనబడేసరికి చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. ఎలీ విట్నీ పత్తి గింజ తీసే యంత్రం చేసింది 1793లో. అక్కడ పత్తి రాజ్యమేలింది ఆ తర్వాతే. నీ కథాకాలానికి వర్జీనియాలో పొగాకు, కరోలినాలో వరి. ఇప్పుడు చార్ల్‌స్టన్ అనే అక్కడి రేవు పట్టణం పేరు కూడా అప్పటికి చార్ల్స్ టౌనే.

వరి అనగానే మనకు అంతా తెలుసుననిపిస్తుంది. ఆ ధీమాతోనే మూడో ప్రకరణంలో స్త్రీల చేత ఊడ్పులు ఊడ్పించి, పాట కూడా పాడించావు. అక్కడ నారు పోసి నాటే పద్ధతి లేదు. చాళ్లలో విత్తనం జారవిడిచి, పాదంతో మట్టి కప్పేవారు. మనిషికి రోజుకు ఇంత అని పని కొలిచి ఇచ్చేవారు, కలుపు తీయడమైతే సాధారణంగా పావు ఎకరం. అది ముగించగా మిగిలిన పొద్దులోనే సొంత మడి చూసుకోవడం, కోళ్లు పెంచుకోవడం. జ్వరం వచ్చిన నాడు నీ నాయికకు ఆ పొద్దు ఎంత మిగిలిందో నీకు తెలియాలి. కోత అయ్యాక ధాన్యమంతా రోళ్లలో రోకళ్లతో దంచవలసిందే, అదీ తెల్లవారకముందూ చీకటిపడ్డాకా. రోకటి పోటు ఎరిగిన భాష మనది కదా, ఆ ఘట్టాన్ని ఒక్క వాక్యంతో ఎందుకు దాటేశావు? ఆ మనుషుల్ని ఉత్త చేతులుగా చూడకు. 1760 ప్రాంతంలో చార్ల్స్ టౌన్ వర్తకులు ఓడ దిగిన బందీలను వరి సేద్యం ఎరిగిన పశ్చిమ ఆఫ్రికా "వరి తీరం" నుంచి వచ్చినవారని గొప్పగా ప్రకటించి అమ్మారు.

కొరడా ప్రతి ప్రకరణంలోనూ మోగుతోంది, పాఠకుడికి అలవాటైపోతుంది. అంతకన్నా భయంకరమైనది చట్టంలో ఉంది. బిడ్డ తల్లి స్థితినే పొందుతుందని వర్జీనియా 1662లో శాసనం చేసింది. కరోలినా కూడా 1740 చట్టంలో అదే మాట రాసుకుంది. తండ్రి యజమానే అయినా పుట్టిన బిడ్డ అతడి ఆస్తి పట్టికలో ఇంకొక పద్దు. నీ నాయిక గర్భవతి అని తెలిసే సన్నివేశాన్ని ఇది మనసులో పెట్టుకుని మళ్లీ రాయి.

కథను ఇంకో ఏడాది ముందుకు నడిపించు. 1739 సెప్టెంబరు 9, ఆదివారం, అక్కడి స్టోనో నది దగ్గర కొందరు బానిసలు ఆయుధాల దుకాణం పగలగొట్టి, స్పానిష్ ఫ్లోరిడా వైపు సాగిపోయారు. అక్కడికి చేరినవారికి స్వేచ్ఛ ఇస్తామని స్పెయిన్ మాట ఇచ్చి ఉంది. తిరుగుబాటును అణచివేశాక వచ్చిన 1740 చట్టం బానిసలకు రాయడం నేర్పడాన్ని నేరం చేసింది. అందుకే వాళ్ల చేతిరాత నీకు దాదాపు దొరకదు. దానికి బదులు, పారిపోయినవారి కోసం యజమానులు ఆనాటి పత్రిక సౌత్ కరోలినా గెజెట్‌లో వేయించిన ప్రకటనలు వెతికి చదువు: నడక తీరు, ఒంటిమీది మచ్చ, తొడుక్కున్న చొక్కా, మాట్లాడే భాష, కఫీ, కడ్జో వంటి పుట్టిన వారాన్ని బట్టి పెట్టుకున్న ఆఫ్రికా పేర్లు. పట్టుకోవడానికి రాసిన ఆ నాలుగు ముక్కల్లోనే మనిషి కనిపిస్తాడు.

మూడో ప్రకరణం తిరగరాసి ముందుగా పంపు. మిగతావి తర్వాత చూద్దాం.