గుణుపురం మిషన్‌లోకి ఎవరు రావాలి

చిరంజీవి అబ్బాయికి,

బరంపురం నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు రాయగడలో ఉంటావు, మిషన్ (లినక్స్ కంప్యూటరు) గుణుపురం ఆఫీసులో. అందులోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతితో) బయటనుంచి ఎవరు పడితే వాళ్లు లాగిన్ అవుతున్నారని, వద్దనుకున్నవాళ్ల పేర్లు దాని సెట్టింగుల్లోని డినైయూజర్స్ లైన్లో చేరుస్తూ పోతున్నానని రాశావు. ఆ పద్ధతి మానెయ్. రేపు కొత్త కుర్రాడికి ఎవరో అకౌంటు తెరుస్తారు, ఆ పేరు చేర్చడం నువ్వు మరిచిపోతావు, అతను దర్జాగా లోపలికొస్తాడు. రావలసినవాళ్ల జాబితా పెట్టు. అందులో లేనివాళ్లకి తలుపు దానంతటదే మూసుకుంటుంది.

జాబితా గ్రూపుతో పెడితే ప్రతిసారీ ఫైలు ముట్టక్కర్లేదు. గ్రూప్‌యాడ్ కమాండుతో ‘రిమోట్’ అనే గ్రూపు చేసి, అందరికన్నా ముందు నిన్ను నువ్వే చేర్చుకో. చెయ్యి కాలేది ఇక్కడే. గ్రూపులో చేర్చే యూజర్‌మాడ్ కమాండుకి పెద్ద జీ (-G) ఒక్కటే ఇచ్చావో, కొత్త గ్రూపులో చేర్చి, అంతకుముందు ఉన్న అదనపు గ్రూపులన్నింటిలోంచీ పీకేస్తుంది. సుడో, అంటే అడ్మిన్ పనులు చేసే అధికారం, కూడా పోతుంది. అప్పుడు లోపలికి రాగలవు గానీ ఏమీ చెయ్యలేవు. చిన్న ఏ, పెద్ద జీ కలిపి (-aG) ఇవ్వాలి. చేశాక ఐడీ కమాండు పక్కన నీ పేరు కొట్టి రిమోట్‌తో పాటు పాత గ్రూపులూ కనిపిస్తున్నాయో లేదో చూసుకో.

ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు సెట్టింగులుండే ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ఫైలు తెరిచి ‘అలౌగ్రూప్స్ రిమోట్’ అని ఒక లైను రాయి. ఇంకో గ్రూపు కూడా ఉంటే మధ్యలో ఖాళీ వదలాలి, కామా పెట్టకూడదు. లైను ఫైలు చివర అతికించకు. కింద ఎక్కడైనా మ్యాచ్ అని మొదలయ్యే భాగం ఉంటే, దాని తర్వాత రాసినదంతా ఆ భాగానికే చెందుతుంది. నీ కట్టడి కొందరికే వర్తించి మిగతావాళ్లు ఎప్పట్లాగే వస్తారు. పాత అలౌయూజర్స్ లైను ఉంటే తీసెయ్. రెండూ ఉంటే మనిషి రెండింటిలోనూ ఉండాలి, ఒకదాంట్లో ఉంటే చాలదు.

రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అకౌంటు) లాగిన్ సంగతి కూడా అక్కడే తేల్చు: పర్మిట్‌రూట్‌లాగిన్‌కి ‘నో’. ఊరికే వదిలేస్తే పాస్‌వర్డుతో రానివ్వకపోయినా కీతో (పాస్‌వర్డు బదులు వాడే తాళంచెవి ఫైలుతో) రానిస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వరు ప్రోగ్రాం) కమాండుకి చిన్న టీ (-t) ఇచ్చి పరీక్షించు. ఏమీ పలక్కపోతే తప్పుల్లేనట్టే. పెద్ద టీ (-T) ఇస్తే నిజంగా అమల్లో ఉన్నవేమిటో చూపిస్తుంది. ఉబుంటులో పక్కనున్న ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డరులోని ‘.కాన్ఫ్’ ఫైళ్లు ముందు చదువుతుంది, పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ లాంటివాటికి మొదట చూసిన మాటే ఖాయం. అందుకే కొందరు కింద ‘నో’ రాసి, ఎందుకు పనిచేయలేదని తల పట్టుకుంటారు.

తర్వాత సిస్టమ్‌సీటీఎల్ కమాండుతో ఆ సర్వీసుని రీలోడ్ చెయ్. ఉబుంటులో సర్వీసు పేరు ఎస్‌ఎస్‌హెచ్, ఫెడోరాలో ఎస్‌ఎస్‌హెచ్‌డీ. ఉన్న కిటికీ మాత్రం మూయకు. ఇంకో టెర్మినల్ తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడు. రాకపోతే పాత కిటికీలోంచి సరిదిద్దుకోవచ్చు. అదీ మూసేశావంటే గుణుపురం బస్సెక్కడమే, వానల్లో అయితే మరీ విసుగు.

జాబితాలో లేని అకౌంటుతో కూడా ఒకసారి ప్రయత్నించు. పాస్‌వర్డు అడుగుతుంది, కంగారుపడకు, సరైనదిచ్చినా తిప్పిపంపేస్తుంది. కారణం అతనికి చెప్పదు, లాగ్‌లో రాస్తుంది: ఈ మనిషి గ్రూపులేవీ అలౌగ్రూప్స్‌లో లేవు అని. లాగ్ చూపించే జర్నల్‌సీటీఎల్‌లో ఆ సర్వీసు పేరిచ్చి చూస్తే దొరుకుతుంది.

అప్పటికే లోపలున్నవాళ్లని ఈ మార్పు కదపదు. హూ కమాండుతో చూసి, వద్దనుకున్నవాళ్లని పీకిల్‌తో బయటికి పంపు. ఉద్యోగం మానేసినవాళ్లకి పాస్‌డబ్ల్యూడీ కమాండుకి చిన్న ఎల్ (-l) ఒక్కటే ఇచ్చి ఊరుకోకు. అది పాస్‌వర్డునే బిగిస్తుంది, వాళ్ల కీ ఇంకా పనిచేస్తుంటుంది. చేజ్ కమాండుకి పెద్ద ఈ, సున్నా (-E 0) ఇచ్చి అకౌంటు గడువే ముగించు.

రీలోడ్ చేశాక పెద్ద టీ చూపించినదాంట్లో అలౌగ్రూప్స్ లైను నాకు పంపు, చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న