తిప్పతీగ పేరులో గుండె

ప్రశ్న: తిప్పతీగ పొడి సీసా మీద ‘టైనోస్పోరా కార్డిఫోలియా’ అని రాసి ఉంది. బైపీసీ చదువుతున్న మా అమ్మాయి పుస్తకంలో ఆకుల ఆకారాల దగ్గర ‘కార్డేట్’ అనే మాట చూశాను. ఈ రెండూ ఒకటేనా? గుండెకు మంచిదనే ఆ పేరు పెట్టారా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండు మాటలూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అయితే ఆ పేరు చెప్పేది ఆకు ఆకారాన్నే గాని మందు గుణాన్ని కాదు. దాన్ని చూసి ఎవరూ గుండెజబ్బుకు ఆ పొడి వాడకూడదు.

లాటిన్‌లో ‘కోర్’ అంటే గుండె. షష్ఠీ విభక్తిలో అది ‘కోర్డిస్’ అవుతుంది కనుక కొత్త పదాలు కట్టేటప్పుడు ‘కోర్డ్’ అనే రూపమే నిలుస్తుంది. ‘ఫోలియుమ్’ అంటే ఆకు. ‘పద్మాక్షి’ అన్నట్టే, ‘హృదయం వంటి ఆకులు గలది’ అని ఆ పేరుకు అర్థం. మన వ్యాకరణంలో చెప్పాలంటే బహువ్రీహి. మన ‘హృత్’, లాటిన్ ‘కోర్’ ఒకే ఆదిభాషా మూలం నుంచి చీలిన తోబుట్టువులు కావడం నాకెంతో ఇష్టమైన సంగతి.

‘కార్డేట్’కు మూలమైన ‘కోర్డాతుస్’ ప్రాచీన లాటిన్‌లో ఆకారాన్ని సూచించనే లేదు. ఆలోచనకు స్థానం గుండె అని రోమన్లు భావించేవారు కనుక ‘గుండె గలవాడు’ అంటే వివేకి అని అర్థం. మన ‘సహృదయుడు’ దానికి దగ్గరగా ఉంటుంది. ఆకారార్థం వృక్షశాస్త్రజ్ఞుల వాడుకలో స్థిరపడింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ చిరుబెండకు ‘సైడా కార్డిఫోలియా’ అని పేరు పెట్టారు.

ఆకారం సంగతికి వస్తే, ఒక తమలపాకును తొడిమ మీ వైపు ఉండేలా అరచేతిలో పరచి చూడండి. తొడిమ అతికిన చోట ఆకు లోపలికి నొక్కుకుపోయి, దానికి అటూ ఇటూ రెండు గుండ్రని చెవులు ఉబ్బి, అక్కడి నుంచి క్రమంగా సన్నబడి మొనదేలుతుంది. ఇదే ‘కార్డేట్’, అంటే హృదయాకారం. ఈ నొక్కు తొడిమ దగ్గరే ఉండాలి. పులిచింత ఆకులోని మూడు రేకులకూ నొక్కు కొన దగ్గర ఉంటుంది కాబట్టి వాటిని ‘ఆబ్‌కార్డేట్’, అంటే తలకిందులైన హృదయాకారం, అంటారు. సరస్వతి ఆకుకు నొక్కు తొడిమ దగ్గరే ఉన్నా మొన లేదు. అందుకే దానిది మూత్రపిండాకారం, లాటిన్ ‘రేన్’ నుంచి వచ్చిన ‘రెనిఫార్మ్’. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మీ వీధిలో వేపచెట్టు మీదికి తిప్పతీగ పాకి ఉంటే, ఒక ఆకు కోసి ఆ తమలపాకు పక్కన పెట్టి మీ అమ్మాయికి చూపించండి.