ఎపిక్ ఫాంటసీలో వచనం బాగాలేకపోయినా కథ కోసం చదవొచ్చా?

ఎపిక్ ఫాంటసీ అంటే కల్పిత లోకంలో, మంత్రవిద్యలూ యుద్ధాలతో నడిచే భారీ నవల. కథ కట్టిపడేస్తున్నప్పుడు వచనంలో లోపాలున్నా దాన్ని మంచి నవల అనొచ్చా అని అడిగారు. అనొచ్చు. నాకైతే ఏ అనుమానమూ లేదు. వాక్యాలంటే నాకు పట్టింపు లేదనుకునేరు, నా ఉద్యోగమే వాక్యాలు దిద్దడం. ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా కంట్రిబ్యూటర్లు పంపిన కాపీ తిరగరాస్తుంటాను.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా ముందు బోనెక్కించేది అమెరికన్ ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్‌నే. 2022 మార్చిలో నాలుగు నవలల కోసం జనం దగ్గర చందాలు సేకరించే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో అడిగితే పాఠకులు 4 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు. మరుసటి ఏడాది వైర్డ్ పత్రికలో ఆయన గురించి పెద్ద వ్యాసం వచ్చింది, ఈయనకి వాక్యం రాయడం రాదన్న ధోరణిలో. నాకు ఆ వ్యాసం చదివినప్పుడు ఒళ్లు మండింది. అందులో చూపించిన లోపాలు నిజం కావని కాదు. అంతమంది ఎందుకు చదువుతున్నారో తెలుసుకోవాలన్న కుతూహలం అందులో నాకు కనబడలేదు.

మా డెస్క్‌లో ఒక సీనియర్ ఉన్నారు. గురువుగారూ అనే పిలుస్తాం. చేతిలో పెన్సిల్ లేకుండా ఏదీ చదవరు, శుభలేఖ అయినా సరే. ఆఖరి పేజీ వదిలాక ప్రింటు కాపీ వచ్చేదాకా కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ టైమ్‌లో నేను శాండర్సన్ 2010లో రాసిన 'ద వే ఆఫ్ కింగ్స్' చదువుతుంటే, "ఏవయ్యా, ఏంటంత లావు పుస్తకం, ఇలా ఇవ్వు" అని తీసుకున్నారు. చాలా రోజులకి తిరిగొచ్చింది, మార్జిన్ల నిండా పెన్సిల్ గీతలతో.

ఇంటికి తీసుకెళ్లి ఆ గీతల వెంబడే మళ్లీ చదివాను. మొదట్లో తెల్లబట్టల హంతకుడు రాజుని చంపడానికొచ్చే ఘట్టం ఉంటుంది. గోడల మీద నడిచే మంత్రవిద్య ఎన్ని రకాలో, ఏది ఎలా పనిచేస్తుందో పోరాటం మధ్యలోనే రచయిత వివరిస్తుంటాడు. అక్కడ గీతలే గీతలు. పక్కన 'చెప్పిందే చెప్పాడు' అని రాసి, దాని కింద రెండు గీతలు. తర్వాత కాలడిన్ అనే కుర్రాడు బానిసగా బ్రిడ్జ్ ఫోర్ అనే జట్టులో చేరతాడు. వీళ్ల పని బరువైన కొయ్య వంతెనని భుజాల మీద మోసుకుంటూ, ఎదురుగా బాణాలు కురుస్తుంటే పరిగెత్తి, అగాధం మీద దాన్ని పరవడం. సైన్యం ఆ వంతెన మీదుగా దాటిపోతుంది. ముందువరుసలో ఉన్నవాడు ఆ పూటకి బతికితే గొప్ప. అక్కడికొచ్చేసరికి గీతలు పలచబడ్డాయి. ఆ జట్లలో బతకలేక దూకేసేవాళ్ల కోసం ఒక అగాధం ఉంటుంది. కాలడిన్ దాని అంచున నిలబడి ఉండగా, గాలిలా తిరిగే సిల్ అనే చిన్న ప్రాణి ఒక ఆకు మోసుకొస్తుంది. అది విషపు ఆకు. ఒకసారి అతని చేతిలో అలాంటివి చూసింది కదా, ఇస్తే సంతోషిస్తాడనుకుంది. అది చూసి అతను వెనక్కి తిరుగుతాడు.

ఆ పేజీల్లో ఒక్క గీత కూడా లేదు. వాక్యాలు అక్కడేమీ మెరుగుపడలేదు. కాలడిన్ ఏమనుకుంటున్నాడో, ఎందుకనుకుంటున్నాడో, దాన్ని మళ్లీ ఎలా అనుకుంటున్నాడో రచయిత మూడు రకాలుగా చెబుతూనే ఉంటాడు. అదే మా కాపీ అయితే నేను సగం కొట్టేసేదాన్ని. గురువుగారు మాత్రం పెన్సిల్ పక్కన పెట్టేశారు.

అసలు గమనించాల్సింది ఇంకోటుంది. మధ్యమధ్యలో షాలాన్ అనే అమ్మాయి అధ్యాయాలొస్తాయి. అక్కడ గీతలు మళ్లీ మొదలు. ఓడలో నావికులతోనూ, పుస్తకాల కొట్టువాడితోనూ ఈ అమ్మాయి చమత్కారాలు ఆడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆహా ఎంత చమత్కారం అని మెచ్చుకుంటారు. మనకి నవ్వు రాదు. గురువుగారు ఒక చోట 'నవ్వు ఏదీ?' అని రాశారు. వాక్యనిర్మాణం వరకు చూస్తే ఈ అధ్యాయాలు కాలడిన్ అధ్యాయాల కంటే హీనమేమీ కాదు. మరి ఇక్కడ పెన్సిల్ ఎందుకు లేచింది?

నా సమాధానమంతా ఇక్కడే ఉంది. చెడ్డ వచనం అని అందరూ ఒకే మూటలో కట్టేస్తున్నవి రెండు వేర్వేరు లోపాలు. ఒకటి మొరటుతనం: చెప్పిందే చెప్పడం, అరిగిపోయిన మాటలు, పాత్రలు అస్తమానం కనుబొమ్మలెగరేయడం. కథలో ఊపుంటే ఇది కంటికి ఆనదు. రెండోది, రచయిత ఒకటి చెబుతుంటే వాక్యం ఇంకొకటి చూపించడం. ఈ పిల్ల తెలివైనది అంటాడు, మాటలో తెలివి కనబడదు. ఇది పైకి వచనంలో లోపంలా కనిపించినా, దెబ్బ తగిలేది కథకే. దీన్ని ఏ ఊపూ కప్పిపుచ్చలేదు.

దీనికి ఇంతకంటే గట్టి రుజువు 'వీల్ ఆఫ్ టైమ్' అనే ఎపిక్ ఫాంటసీ నవలల వరుస. రాబర్ట్ జోర్డన్ 1990లో మొదలుపెట్టి, 2007లో పూర్తిచేయకుండానే పోయాడు. ఆయన భార్య, ఎడిటర్ కూడా అయిన హ్యారియెట్ మెక్‌డూగల్, మిగిలిన భాగం రాయమని శాండర్సన్‌కి అప్పగించింది. అంటే ఒకే కథ, అవే పాత్రలు, రెండు చేతులు. జోర్డన్ వచనం చిక్కనిది, తీరికైనది. కానీ 2003లో వచ్చిన పదో పుస్తకం నాటికి ఆ తీరిక ముదిరి కథ అడుగు కదలడం మానేసింది. చీరల అంచుల్లా గౌన్ల అంచుల వర్ణనే. 2009లో శాండర్సన్ చేతిలో పన్నెండోది వచ్చింది. వచనం పలచబడింది, కథ పరుగందుకుంది. ఎప్పుడో వదిలేసిన పాఠకులు తిరిగొచ్చారు. వాళ్లంతా ఏ విషయంలో గొడవపెట్టారో తెలుసా? మ్యాట్ అనే పాత్ర గురించి. వాక్యాలు సాదాగా ఉన్నాయని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు గానీ, మ్యాట్ వేసే జోకులు మ్యాట్ జోకుల్లా లేవని మాత్రం వెంటనే పట్టేశారు. శాండర్సన్ కూడా తర్వాత ఆ మాట ఒప్పుకున్నాడు.

ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1973లో ఒక వ్యాసం రాసింది, ఫాంటసీలో శైలే సర్వం అని. ఒక ఫాంటసీ నవలలో రాజప్రముఖుల సంభాషణ తీసుకుని, కొద్ది మాటలు మార్చి, ఇది వాషింగ్టన్ రాజకీయ నాయకుల కబుర్లు కూడా కావొచ్చు కదా అని నిలదీసింది. చాలామంది దాన్ని అలంకారాల కోసం చేసిన వాదనగా వాడుకుంటారు. నాకలా అనిపించదు. ఆ మాటలు ఆ లోకంలో పుట్టినవేనా అన్నదే ఆమె ప్రశ్న. 'ద వే ఆఫ్ కింగ్స్'తో మొదలైన వరుసలో శాండర్సన్ 2024 డిసెంబరులో తెచ్చిన అయిదో పుస్తకంలో ఇదే కాలడిన్ ఒక చోట తను థెరపిస్టునని చెప్పుకుంటాడు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను. అన్ని వేల పేజీల్లో ఎన్ని మొరటు వాక్యాలొచ్చినా చలించలేదు గానీ, ఆ ఒక్క మాట నన్ను ఆ లోకంలోంచి బయటికి నెట్టేసింది.

ఇంకో సంగతి. సాదా వచనాన్ని చెడ్డ వచనంగా లెక్కగట్టే అలవాటు మనవాళ్లలోనూ బలంగా ఉంది. మా డెస్క్‌కొచ్చే కాపీ చూడండి. ప్రతి జాతరా 'అంగరంగ వైభవంగా' జరుగుతుంది, ప్రతి చావింట్లో రోదనలు 'మిన్నంటుతాయి'. అలా రాస్తేనే భాష వచ్చినట్టని ఎవరు నేర్పారో గానీ, కొట్టేసీ కొట్టేసీ చెయ్యి నొప్పి పుడుతుంది. 1954లో చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' సీరియల్ మొదలుపెట్టారు. దాంట్లోనూ మాంత్రికులు, రాక్షసులు అన్నీ ఉన్నాయి. వచనం మాత్రం పిల్లలకి కూడా అడ్డం పడనంత సాఫీ. అది చదివి ఎవరూ ఇందులో వర్ణన తక్కువైందని అనలేదు. తర్వాతి సంచిక ఎప్పుడొస్తుందనే అడిగారు.

వచనం అద్భుతంగా ఉండి కథ గమ్యం చేరకపోతే ఎలా ఉంటుందో కూడా చూశాం. ప్యాట్రిక్ రాత్‌ఫస్ అనే రచయిత మూడు పుస్తకాల ఫాంటసీ కథలో 2007లో మొదటి పుస్తకం, 2011లో రెండోది ఇచ్చాడు. రెండూ పైకి చదువుకుంటే చెవికి హాయి. మూడోది ఇంకా రాలేదు. ఆయన వాక్యాల్ని ఆకాశానికెత్తేవాళ్లని నేను అడిగేదొక్కటే: అంత అందమైన వాక్యాలే మీకు సరిపోతే మూడో పుస్తకం కోసం ఇంత గోల ఎందుకు?

మీరు ఇంకా ఏదీ మొదలుపెట్టకపోతే శాండర్సన్ 'మిస్ట్‌బార్న్' తీసుకోండి. 2006 నుంచి 2008 లోపు మూడు భాగాలూ వచ్చేశాయి, కథ పూర్తవుతుంది. మొదటి వంద పేజీల్లో వాక్యాలు పంటికింద రాయిలా తగులుతుంటే ఆపేయండి, మీకది పడదు. అప్పుడు లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' చదవండి. సన్నటి పుస్తకం. కథా, వాక్యమూ రెండూ ఉన్న అరుదైన కేసు. 'ద వే ఆఫ్ కింగ్స్' కొనేటట్టయితే రెండు భాగాలుగా విడగొట్టిన పేపర్‌బ్యాక్ కూడా ఉంటుంది, అట్ట మీద పార్ట్ వన్ అని ఉందేమో చూసుకుని రెండూ కలిపి కొనండి. మొదటిది అయిపోయిన రాత్రి రెండోది చేతిలో లేకపోతే నిద్ర పట్టదు. ఆఖర్లో డాలినార్ అనే యోధుడు తన కత్తి ఇచ్చేసి ఏం కొంటాడో తెలియకుండా ఆగడం ఎవరి వల్లా కాదు.