పిల్లాడి బేస్‌బాల్ కార్డుల సరదా: డబ్బొస్తుందా, ఆటోగ్రాఫులు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికా వచ్చాక మీ బాబు బేస్‌బాల్ కార్డుల (ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసి అమ్మే చిన్న అట్టముక్కలు) పిచ్చిలో పడ్డాడనీ, ఆటోగ్రాఫులు ఎలా సంపాదించాలో, దాచిపెడితే ముందుముందు డబ్బొస్తుందో లేదో చెప్పమనీ కదా అడిగారు. మేముండేది న్యూజెర్సీలో. మావాడి పుణ్యమా అని నాకూ ఈ సరదా అంటుకుంది.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. కార్డులు అచ్చేసే టాప్స్ కంపెనీ 1952లో తెచ్చిన, మికీ మాంటిల్ అనే పేరున్న ఆటగాడి కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది, నిజమే. కానీ అవి ఇప్పుడు అరుదు కాబట్టే ఆ ధర. ఆ కార్డులు చాలావరకు పిల్లల జేబుల్లో నలిగి పోయాయి. అమ్ముడుపోక మిగిలిన పెట్టెల్ని టాప్స్ వాళ్లే సముద్రంలో పారబోయించారని ఆ కంపెనీలో పనిచేసిన సై బెర్గర్ చెప్పేవాడు. 1980ల చివరికొచ్చేసరికి కథ తిరగబడింది. జనం దాచుకుంటున్నారని కంపెనీలు ఎడాపెడా అచ్చేశాయి, జనమూ భద్రంగా దాచారు. గరాజ్ సేల్‌లో ఆ కాలం పెట్టెలు కనిపిస్తే మురిసిపోకండి. అప్పర్ డెక్ కంపెనీ 1989లో తెచ్చిన కెన్ గ్రిఫీ జూనియర్ అనే ఆటగాడి కార్డు లాంటి ఏ కొద్దిటికో తప్ప గిరాకీ ఉండదు.

ఆటోగ్రాఫులకైతే మైనర్ లీగ్ మ్యాచ్‌లకు వెళ్లండి, అంటే పెద్ద జట్లలోకి ఎదిగే కుర్రాళ్లు ఆడే కింది స్థాయి లీగులు. మాకు దగ్గర్లో బ్రిడ్జ్‌వాటర్ ఉంది, అదే, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. అక్కడి సోమర్‌సెట్ పేట్రియట్స్ 2021 నుంచి న్యూయార్క్ యాంకీస్ అనే పెద్ద జట్టుకి డబుల్-ఎ (మైనర్ లీగ్‌లో పైనుంచి రెండో మెట్టు) జట్టు. 2022లో ఆంథొనీ వోల్పీ ఇక్కడే ఆడాడు, మరుసటి సీజన్ మొదటి మ్యాచ్‌కే యాంకీస్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) అయిపోయాడు. ఇలాంటి కుర్రాళ్లు పెద్ద స్టేడియానికి చేరాక మనకెక్కడ అందుతారు?

గేట్లు తెరవగానే వెళ్లి డగౌట్ (మైదానం అంచున ఆటగాళ్లు కూర్చునే చోటు) పక్క రెయిలింగ్ దగ్గర పిల్లాణ్ణి ముందు నిలబెట్టండి, మీరు వెనక్కి తగ్గండి. పెద్దవాళ్లు కార్డుల కట్ట పట్టుకుని తోసుకొస్తే ఆటగాళ్లు తల తిప్పుకుని పోతారు, వాళ్ల తప్పేం లేదు. కార్డు మీదైతే నీలం షార్పీ (చెరగని మార్కర్ పెన్ను). బంతి మీద మాత్రం షార్పీ వద్దు, తోలులో సిరా పాకుతుంది, మామూలు నీలం బాల్‌పెన్ చాలు. రెండు కుట్లూ బాగా దగ్గరికొచ్చే ఆ ఇరుకు జాగాలో సంతకం పెట్టించుకోవాలి. ఇంటికొచ్చాక కార్డుని పలచటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ఆ పైన టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరులో పెట్టండి.

ఉత్తరాల దారీ ఉంది. జట్టు చిరునామాకి చిన్న ఉత్తరం, ఒక కార్డు, మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు పంపాలి. నెలలు పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు, అందుకని ఖరీదైన కార్డు పంపకండి.

ఆటోగ్రాఫులు కొనడం మాత్రం నేను వద్దంటాను. 1990లలో ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో దొంగ సంతకాల ముఠాలను పట్టుకుంది. అప్పుడు దొరికిన సరుకులో మదర్ థెరిసా ‘సంతకం’ చేసిన బేస్‌బాల్‌లు కూడా ఉన్నాయి! ఆ గొడవ తర్వాతే మేజర్ లీగ్ (పెద్ద జట్లు ఆడే లీగ్) వాళ్లు ప్రత్యేకంగా సాక్షుల్ని పెట్టి, వాళ్ల కళ్లముందు చేసిన సంతకాలకే హోలోగ్రామ్ (మెరిసే గుర్తు స్టిక్కర్) అంటించే పద్ధతి తెచ్చారు. తప్పక కొనాల్సి వస్తే ఆ హోలోగ్రామ్ ఉన్నదే చూడండి.

ఇంకొకటి. సంతకంతో పాటు పిల్లాడి పేరు రాయించుకుంటే అమ్మేటప్పుడు ధర తగ్గుతుందని సేకరణదారులు వద్దంటారు. మావాడు ప్రతిసారీ పేరు రాయించుకుంటాడు. అమ్ముకోడానికి కాదని తెలిసిపోతుంది కాబోలు, అలా అడిగితే ఆటగాళ్లు ఇంకాస్త నిలబడి మాట్లాడతారు కూడా.