అటకతో మొదలుపెట్టకండి

అమలాపురం దగ్గరి మండువా ఇంట్లో అటక నిండా సామాను ఉందని, అమ్మగారు ఏదీ తీయనివ్వడం లేదని రాశారు. అటక జోలికి తరువాత వెళ్లొచ్చు; ముందు ఇంట్లోని చిల్లుపడ్డ బకెట్లు, విరిగిన కుర్చీలు తీసేయండి. వాటి మీద ఎవరికీ మమకారం ఉండదు. ఇత్తడి గంగాళాలు, ఆవకాయ జాడీల దగ్గర మాత్రం నిర్ణయం ఆమెకే వదలండి. నేను గంగాళాన్ని తూకానికి వేద్దామన్నప్పుడు మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. తరువాత తానే రెండు జాడీలు ఉంచుకుని, మిగతావి చెల్లెళ్లకు, కోడళ్లకు పంచింది.

అటక ఖాళీగా ఉంటేనే వరద వచ్చినప్పుడు బియ్యం బస్తాలు పైకెక్కించగలమని చెప్పి చూడండి. 1986 ఆగస్టు గోదావరి వరదను చూసినవారికి ఈ మాట ఇట్టే ఎక్కుతుంది. దస్తావేజులను చిత్తుకాగితాల్లో కలపకండి. తాళపత్రాలు దొరికితే రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయంలో అడగండి.