అర్థం లేనిదా, ఎదురు నడిచేదా?

సందేహం: జన్యువు పంపే సందేశానికి జోడీగా అతుక్కునే పోగును యాంటీసెన్స్ ఆర్ఎన్ఏ అంటారు కదా. ఒక వ్యాసంలో దాన్ని ఒకచోట 'అర్థరహిత ఆర్ఎన్ఏ' అనీ, ఇంకోచోట 'వ్యతిరేకార్థక ఆర్ఎన్ఏ' అనీ రాశారు. ఏది సరైనది?

సమాధానం: మొదటిది తప్పు. రెండోది తప్పనను గానీ, నాకు మింగుడు పడదు. అర్థం లేకపోవడం నాన్‌సెన్స్. జన్యుశాస్త్రంలో ఆ మాటకు వేరే పని ఉంది: ప్రొటీన్ తయారీని మధ్యలోనే ఆపేసే మార్పును నాన్‌సెన్స్ మ్యుటేషన్ అంటారు. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ? ఇక 'వ్యతిరేకార్థకం' అనగానే మనకు 'రాడు, చేయదు' లాంటి క్రియలు గుర్తొస్తాయి.

నా మనసు 'ప్రతిలోమం' మీద ఉంది. లోమం అంటే వెంట్రుక. వెంట్రుకలు వాలిన వైపే నిమిరితే అనులోమం, ఎదురు నిమిరితే ప్రతిలోమం. పిల్లి వీపు మీద చేసి చూడండి, తేడా పిల్లే చెబుతుంది. లెక్కల్లో విలోమానుపాతం, ప్రాణాయామంలో అనులోమ విలోమాలు, ధర్మశాస్త్రాల్లో ప్రతిలోమ వివాహం, అన్నీ ఈ వెంట్రుకను పట్టుకుని వేలాడుతున్నవే.

ఇక్కడా అంతే. జన్యువు పంపే సందేశం (అదీ ఆర్ఎన్ఏ పోగే)లో ఏ-యూ-జీ అనే అక్షరాలు ఉంటే, దానికి అతుక్కునే పోగులో ఎదురెదురుగా యూ-ఏ-సీ ఉంటాయి. కానీ ఆ పోగుది ఎదురు నడక, దాని వరసలో చదివితే సీ-ఏ-యూ. రెండూ అతుక్కుపోతే, కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోము సందేశాన్ని చదవలేదు, ప్రొటీన్ తయారవదు. అతుక్కున్నది డీఎన్ఏ ముక్కైతే ఆర్ఎన్ఏజ్-హెచ్ అనే ఎంజైము వచ్చి సందేశాన్నే కత్తిరించేస్తుంది. 1978లో జమెక్నిక్, స్టీఫెన్‌సన్ అనే శాస్త్రవేత్తలు 13 అక్షరాల డీఎన్ఏ ముక్కతో, కోళ్లలో క్యాన్సర్ తెచ్చే రౌస్ సార్కోమా వైరస్ పెరగకుండా అడ్డుకున్నారు. ఉత్పలమాలలో ఒక్క పాదానికే 20 అక్షరాలు కావాలి!

ఎదురు చదువు అన్నాక పింగళి సూరన గుర్తుకు రాకుండా ఉంటాడా? కళాపూర్ణోదయంలో ఆయన పద్యం ఒకటి ముందు నుంచి చదివితే తెలుగు, వెనక నుంచి చదివితే సంస్కృతం. అక్కడ రెండు వైపులా అవే అక్షరాలు, ఇక్కడ అక్షరానికి జోడీ అక్షరం. పోలిక అంతవరకే.

'వ్యతిరేకం' నచ్చకపోవడానికి ఇంకో కారణం ఉంది. యాంటీసెన్స్ ముక్కలు అన్నివేళలా అడ్డుపుల్లలే కానక్కర్లేదు. కండరాలు క్షీణించే స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ అనే జబ్బుకు 2016లో అమెరికాలో అనుమతి పొందిన నుసినర్సెన్ యాంటీసెన్స్ మందే. అది సందేశం కూర్పును సరిచేసి, కావలసిన ప్రొటీన్‌ను పెంచుతుంది.

అయితే డీఎన్ఏలో జంట పోగులన్నీ ఒకదానికొకటి ప్రతిలోమాలే కదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు. అందుకని యాంటీసెన్స్ అనే రాసుకోండి, తప్పు లేదు. మొదటిసారి వచ్చినచోట పక్కన 'ప్రతిలోమ' అని కూడా రాస్తే సంతోషిస్తాను.